క్యారెట్టు ముక్కల కొలత

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పొద్దస్తమానం బస్తాల లెక్క రాస్తాను.
లోపల గోతాల్లో మిరపకాయలు నిద్రపోతుంటాయి.
తలుపు తీస్తే ముందు చలి,
దాని వెనకే ముక్కు అదరగొట్టే ఘాటు.
ఎన్ని నెలలు పడుకోబెట్టినా
మిరపకాయ తన పని మర్చిపోదు.

వచ్చేదారిలో ఒక పొట్లం కొన్నాను.
గడ్డకట్టిన పులావు. నూట ఇరవై కొట్టేసి
యాభైతొమ్మిదని పసుప్పచ్చ చీటీ అంటించారు.
గడువింకా మూడు రోజులుంది.
నా ఒక్కదానికి చాల్లే అనుకున్నాను.

ఎనిమిదింటికి ఫోను.
"శౌరమ్మా, కంటాసుపత్రికొచ్చాను.
మాచర్ల బస్సు పదిన్నరకి.
ఏవన్నా ఉంటే పెట్టు,
లేకపోతే కాసిని మంచినీళ్ళియ్యి."

త్రికోటయ్య.
నరసరావుపేట ఆడపిల్లల హాస్టల్లో
రెండువందల కంచాలకి వండిన చెయ్యి.
ఆ చేతికి నేను
పొట్లం చింపి పెట్టాలా!

పులావు ఇటుకరాయిలా ఉంది.
అట్లకాడతో కొడితే టంగుమంది.
నెయ్యి డబ్బా అడుగు గీరాను.
జీడిపప్పులు ఏడున్నాయి, ఒకటి నేను తిన్నాను.
ఉల్లిపాయలు రెండు, సన్నగా.
తొందరపడితే మాడతాయి,
ఏమరితే మెత్తబడతాయి.
కాపలాదారులా పక్కనే నిలబడ్డాను.
కింద వాటాలో మస్తానమ్మ గారి పుదీనా కుండీలోంచి
అడక్కుండానే ఒక గుప్పెడు.
శాంపిలుకిచ్చిన తేజా మిరపకాయలు మూడు
తుంచి వేసేసరికి
దగ్గొచ్చింది, కళ్ళు మండాయి.
అప్పుడుగానీ ఆ గిన్నె నాదనిపించలేదు.
గుడ్లు ఉడకేసి, గాట్లు పెట్టి,
పసుపూ కారంలో దొర్లించాను.
పొట్లం అట్టని నాలుగు మడతలు పెట్టి
బియ్యం డబ్బా వెనక దాచాను.

కళ్ళల్లో చుక్కలు వేశారట, అంతా మసక.
కంచం అంచు తడుముకుని కూచున్నాడు.
నాకు ధైర్యం వచ్చింది.

మొదటి ముద్ద. రెండోది.
మూడో ముద్ద దగ్గర వేళ్ళాగాయి.
ఒక క్యారెట్టు ముక్కని
బొటనవేలి కింద దొర్లించాడు.
ఇంకోటి వెతికి పట్టుకున్నాడు.
రెండూ పక్కపక్కన కంచం అంచున పెట్టాడు.

"నువ్వు కోసినవి కావివి.
ఆదివారం ఆదివారం నీచేత కోయించాను గదా,
ఒకటి గుండ్రాయి, ఒకటి చెక్కపేడు.
ఇవన్నీ ఒకే కొలత.
ఎక్కడివే?"

ఏం చెప్పను?
అట్ట తెచ్చి చేతిలో పెట్టాను.
దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు,
అక్షరాలు అందక వాసన చూశాడు.
నవ్వాడు, పొలమారేదాకా.

"మీ సాంబార్లో పప్పెంత పడేదనుకున్నావ్?
వార్డెను తాళం తీసి కొలిచిచ్చేది మూడు డబ్బాలు.
తక్కిందంతా గుమ్మడికాయ, గంజి.
చివర్లో మా ఇంటినించి తెచ్చిన ఇంగువ,
మా ఆవిడ చూడకుండా.
మూత తియ్యగానే మీరు వరసకట్టేవాళ్ళు.
ఎప్పుడన్నా ఎవత్తన్నా అడిగిందా?"

ఎవరమూ అడగలేదు.
పైగా రెండోసారి పోయించుకునేదాన్ని నేను.

"ఉల్లిపాయ బాగా వేగింది" అన్నాడు.
"నెయ్యి ఇంకాస్త పడాలి.
మధ్యలో చలి వదల్లేదు, మళ్ళీ పొయ్యి మీద పెట్టు.
మూత మాత్రం పెట్టొద్దు."
కంచం నా వైపు జరిపాడు.
నేను పెట్టాను. మూత పెట్టలేదు.
అడుగున కొంచెం అంటుకుంటే
ఆ మాడు చెక్కే ముందు అడిగాడు.

ఆటో ఎక్కించి పైకొచ్చి
కంచం తీయబోతే
ఒక్క మెతుకు లేదు.
అంచున మాత్రం ఆ రెండు ముక్కలూ
పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.