వెనక మూడు క్లిప్పులు

బతూమిలో వాన పడని రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
ఆ ఫిబ్రవరిలో ఒకటి దొరికింది.
త్సియాలాను సముద్రం వైపు బాల్కనీలో నిలబెట్టాం.

ఏప్రను ఆమెది కాదు, రెండు సైజులు పెద్దది.
వెనక నడుము దగ్గర బిగలాగి
బట్టలారేసే క్లిప్పులు మూడు పెట్టాను, నేనే.
"ఊపిరి పీల్చకు" అన్నాను.
నవ్వింది. కెమెరా క్లిక్కుమంది.

కింద అచ్చేసిన మాటా నాదే:
"ఇక్కడ మీరు ఉద్యోగి కాదు, ఇంటిమనిషి."

వారంలో ఊరంతా ఆమె.
బస్టాపుల్లో, విమానాశ్రయం గోడ మీద,
తెల్లారి ఐదింటి బస్సు వెనకద్దం మీద.
ఆలస్యమైన రోజున
తన మొహమే తనని వదిలేసి వెళ్ళిపోయేదట.

వేసవికి పదకొండు మంది వచ్చారు
ఖులో కొండల్నించి, ఒజుర్గెతి నుంచి.
ఒక్కో ఖాళీకి నలభై దరఖాస్తులని
డైరెక్టరు గ్రాఫు చూపించి చప్పట్లు కొట్టించాడు.
లాండ్రీ గదికి కిటికీ లేదన్న సంగతి
గ్రాఫులో ఏ రంగులోనూ లేదు.

అక్టోబరుకి ఏడుగురు పోయారు.
పోతూ ఒకమ్మాయి పోస్టరు మీద రాసింది:
"ఇంటిమనిషికి ఓవర్‌టైం ఇవ్వరు కదా!"
చెరపమన్నారు.
చెరిపింది త్సియాలాయే,
తన చెంప మీద తనే తడిగుడ్డ వేసి.

మిగిలిన మ్జెవినార్ అడిగింది:
"ఫోటోలో నువ్వేగా? అయితే అది నిజమేనా?"
అవుననలేదు, కాదనీ అనలేదు.
దుప్పటి మూల మడత ఎలా వెయ్యాలో చూపించింది.
ఏ సూపర్‌వైజరుకి ఎప్పుడు తిక్క రేగుతుందో,
మిగిలిన ఖాచపూరి ఏ అరలో దాచుకోవాలో చెప్పింది.
ఆ పిల్లకి జ్వరం వచ్చిన రోజు
ఆరు గదులు
తన పద్నాలుగింటి మీద వేసుకుంది.

ఆ ఆరింట్లో ఒకదాంట్లో దిగిన ముసలాయన
వెళుతూ చీటీ రాసిపెట్టాడు:
"ఇక్కడివాళ్ళు ఒకరికొకరు ఉన్నారు.
తలుపు సందులోంచి వినిపించింది."
డైరెక్టరు దానికి ఫ్రేము కట్టించి
"చూశారా, బ్రాండు పనిచేస్తోంది" అన్నాడు.
నేను తలూపాను.
నా జీతంలో సగం తలూపినందుకే.

ఈ ఏడు మళ్ళీ ఫోటో. మళ్ళీ ఆమే.
అదే ఏప్రను, నా గుప్పిట్లో అవే క్లిప్పులు.
"ఈసారి వెనకనించి తీయించమ్మా" అంది.
ఫోటోగ్రాఫరు పగలబడి నవ్వాడు.

చినుకులు మొదలయ్యాయి. వెలుతురు పోతోందని అతని తొందర.
క్లిప్పులు జేబులో పడేసి
కుట్టుగదిలోంచి టేపు తెచ్చాను.
తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆమె కొలత
ఏ కాగితం మీదా లేదు.
చేతులు కాస్త పైకెత్తి నిలబడింది,
అలవాటుగా ఊపిరి బిగబట్టి.

"పీల్చుకో త్సియాలా" అన్నాను,
"అసలు కొలత కావాలి."