ఏ కొలిమైతేనేం

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు మనవాళ్ళు.
పెట్టడానికి మాత్రం
మూడు కొటేషన్లు, ఒక ఎలక్ట్రీషియన్,
తెరిపివ్వని ఒక మార్చినెల వాన.

స్టోక్‌లో, లాంగ్టన్ వైపు, రెండు గదుల ల్యాబు మాది.
ఒకప్పుడిక్కడ టీ కప్పులకు బంగారు అంచులు గీసేవారట.
నేలచెక్కల సందుల్లో ఇప్పటికీ ఎప్పుడైనా
ఓ మెరుపు నలుసు దొరుకుతుంది.
గ్లెనిస్ దాన్ని వేలికొనతో ఎత్తి
"ఎవరిదో జీతం బాకీ" అంటుంది.

పాత కొలిమి ముసలిదైపోయింది.
పదిహేనువందల ముప్పై అని తెర మీద చెబుతుంది,
లోపల ఎంతో దానికే తెలీదు.
మొన్న బుధవారం షెర్రాట్ గారి ముందుపన్ను
లేత చింతకాయ రంగులో బయటికొచ్చింది.
ఆయన బ్యాండులో కార్నెట్ వాయిస్తాడు.
నెల రోజులుగా గాలే వస్తోంది, పాట రావటం లేదు.

మొదటి కొలిమి అమ్మవచ్చినవాడు
గంటన్నరలో కాల్చిస్తానన్నాడు.
"ఆరు పళ్ళ బ్రిడ్జి అయితే?" అంది గ్లెనిస్.
వాడు బ్రోషర్ తిప్పాడు.
మళ్ళీ మొదటి పేజీ నుంచి తిప్పాడు.

రెండోది అందగత్తె. తలుపు దానంతటదే కిందికి దిగుతుంది.
మూడు ఫేజుల కరెంటు కావాలంది.
తాహిర్ మీటరు పెట్టె తెరిచి
చెడ్డ ఎక్స్‌రే చూసిన డాక్టరులా
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "వీధి తవ్వాలి."

మూడోది పొట్టిది, రూపం లేదు.
ఎనిమిది గంటలు పడుతుంది దానికి.
విడిభాగాలు స్టాఫర్డ్‌లో దొరుకుతాయి.

గ్లెనిస్ వాళ్ళ నాన్న
సీసా ఆకారపు బట్టీల దగ్గర నిప్పు కాసేవాడు.
రెండు రాత్రులు కన్ను మూయకుండా
ఇనపచువ్వతో లోపల్నుంచి మట్టి ఉంగరాన్ని లాగి
ఎంత కుంచించుకుపోయిందో కొలిచేవాడట.
గడియారాల్ని నమ్మేవాడు కాదు.
కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు
అన్న మన సామెత చెప్పాను.
నవ్వుతుందనుకున్నాను.
"ఒక సోమవారం పొద్దున," అంది,
"టిఫిన్ వేళకి నాలుగు బట్టీలూ నేల మీదున్నాయి."

పొట్టిదాన్నే తెచ్చుకున్నాం.
మొదటిరోజు వట్టిదే కాల్చాం, కొత్త కడ్డీల మరక వదలాలని.
రెండోరోజు ఒక తెల్లని ఉంగరం పెట్టి కాల్చి
కాలిపర్‌తో కొలిచాను.
గ్లెనిస్ కళ్ళజోడు తుడుచుకుని తనూ కొలిచింది.
తర్వాత మాట్లాడకుండా మళ్ళీ కొలిచింది.

మూడోరోజు పన్ను.
కాలకముందు అది సుద్దముక్క,
గోరు తగిలితే రాలుతుంది.
పావువంతు పెద్దగా చెక్కుతాం, గుర్రప్పన్నులా.
ఈ ఊరొచ్చాక బస్‌స్టాపుల్లో
చలికి ముడుచుకునేవాళ్ళనే చూశాను.
వేడికి ముడుచుకుని
సరిగ్గా తనంత అవడం ఇక్కడే చూస్తాను.

రాత్రంతా దానంతటదే కాలుతుంది, కాపలా అక్కర్లేదు.
ఐదున్నరకి తలుపు తీస్తే
కోటు విప్పకుండా గ్లెనిస్ స్టూలు మీద.
పాత కొలిమి నెత్తిన టీ కెటిల్.
"నిద్ర పట్టలేదు" అంది, నేనేమీ అడగకుండానే.

పట్టకారతో ఎత్తి
గాజుపలక మీద పన్నుని తట్టింది.
సంతలో కుండ కొనేటప్పుడు మా నాయనమ్మ
చెవి ఇలాగే వంచేది.

శుక్రవారం డెంటిస్టు దగ్గర్నుంచి
సగం పెదవి మొద్దుబారే ఉండగా
షెర్రాట్ గారు మా గుమ్మంలోకొచ్చి
కోటులోంచి కార్నెట్ తీసి
ఒకటే స్వరం ఊదాడు, పొడుగ్గా,
వీధి చివరి బేకరీదాకా.

"కాస్త శ్రుతి తక్కువ," అంది గ్లెనిస్.
"అది పన్ను తప్పు కాదు."