పగుళ్ళ పని

డిసెంబరు ఆఖర్ల, నాంపల్లి మైదానంల
పదకొండు రోజుల్ల పిరమిడ్ లేపినం.
అసలుదానికి ఇరవై ఏండ్లు పట్టిందంట.
మా మేస్త్రీ కిషన్ సింగ్ నవ్విండు:
"ఆళ్ళకు నుమాయిష్ తారీఖు లేకుండె."

వెదురు బొంగులు, ప్లైవుడ్ చెక్కలు, సుతిలి,
రెండు ట్రాలీల ప్లాస్టరు.
పక్కన రోము రంగస్థలం, సగమే కట్టినం;
అసలుది గూడ సగం కూలిందే గద, ఖర్సు తక్కువ.
దాని పక్కన బాబిలోను తోటలు,
బేగంబజార్ల కిలోల లెక్క కొన్న ప్లాస్టిక్ తీగలు.

నా పని పగుళ్ళు.
అందరు కట్టి దిగినంక నేనెక్కుత,
నడుముకు రంగు డబ్బ, పండ్ల నడుమ సన్న కుంచె.
పగులు లేని పిరమిడ్‌ను ఎవ్వలు నమ్మరు.
పాతది కొత్తగ కనిపిస్తే
టికెట్ పైసలు దండగంటరు.

నేర్పింది హబీబుల్లా ఉస్తాద్.
మొదటి దినం చేతికి కుంచె ఇయ్యలె.
స్కూటర్ ఎన్క కూసోబెట్టుకొని
గోలకొండ గోడ కాడికి తీస్కపోయిండు.
కోట లోపలికి కాదు,
బయట, మేకలు కట్టేసే దిక్కు.
"చప్పట్లు కొట్టి ఇనెటోళ్ళు మస్తుమంది.
నువ్వు కొట్టకు. సూడు."

సూసిన.
పొద్దంత ఒక్కటే రాయి.
వాన దిగిన తొవ్వల నల్ల చారలు,
పావురం కూసున్న కాడ తెలుపు,
ఏదో పేరు, బాణం, ఇంకో పేరు.
రెండు రాళ్ళ నడుమ గట్టివడ్డ సున్నంల
ఎవరిదో బొటనవేలు.

దాని మీద నా వేలు పెట్టబోయిన.
ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నడు.
"సరిపోతది, నాకెరుక.
సరిపోయిందని నీకు తెలిస్తే
ఇగ నిద్ర రాదు."

పొద్దుగూకినంక స్కూటర్ తన్నుకుంట అన్నడు:
"పగులు గీస్తే పగులు రాదు బేటా.
నీళ్ళు ఏ తొవ్వల దిగుతయో గీయి,
రాయి దానంతలదే వస్తది."

ఉస్తాద్ పోయి మూడేండ్లాయె.
ఇప్పటికీ పైకెక్కినంక
ముందుగాల నేనే వాననైత.
కొసన పుట్టి, అంచు కాడ ఆగి,
అటా ఇటా అని జర ఆలోచన చేసి
కిందికి జారుత.

పిరమిడ్ లోపలంత బోలు.
రాజు లేడు, బంగారం లేదు.
మక్తల్ దిక్కు నుంచొచ్చిన బుగ్గమ్మ
మూడు ఇటుకల పొయ్యి మీద రొట్టెలు కాలుస్తది.
బొంగుకు కట్టిన చీర ఉయ్యాల్ల పిల్లగాడు.
శిఖరం సందుల నుంచి పొగ లేస్తుంటే
జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తరు,
అది గూడ మా పనితనమే అనుకుంటరు.

ఒక ముసలాయన మాత్రం
చేతిల మిర్చిబజ్జి సల్లారంగ
చానసేపు నిలవడ్డడు. అడిగిండు:
"ఈ చార ఏ వానకు పడ్డది బాబూ?"
నాకు జవాబు రాలె.
ఆ ఎడారిల వానలే అరుదంట, ఆయనే చెప్పిండు.
చెప్పి, బజ్జీ కొరికి, పోయిండు.
అంటే, నేను ఈజిప్టు మీద
గోలకొండ వాన గీసిన.

ఫిబ్రవరిల కూలగొట్టుడు.
లేపనీకి పదకొండు రోజులు,
కూల్చనీకి పగటీలి బువ్వ యాళ్ళదాక.
సింహం ఒంటి మనిషి తలకాయ
మొకం మీదికి చేసుకొని టెంపోల పోయింది.
చెక్కలు తూకానికి అమ్ముడువోయినయి.
నాలుగు బుగ్గమ్మ అడుక్కున్నది.

జూన్ల, మొదటి వాననాడు
అఫ్జల్‌సాగర్ల ఆమె గుడిసెకు పోయిన.
చాయ్ గ్లాసు పట్టుకొని మీదికి సూస్తే
నా రాళ్ళు. తలకిందులు.
నల్ల చారలు కింది నుంచి మీదికి పోతున్నయి.
పిల్లగాడు ఎల్లకిల పండుకొని
రెప్ప కొడ్తలేడు.

టప్పుమని ఒక చుక్క, గిన్నెల.
సిగ్గుతోని లేచి ఎతికిన.
నా పగులు మంచిగనే ఉన్నది,
తడి గూడ లేదు.
దానికి జానెడు దూరంల,
నేనేం గీయని కాడ,
కారుతున్నది.