చేబదులు

ముందు రౌటర్‌ని కిటికీ గట్టు మీంచి దింపాలన్నాడు గిర్త్స్.
కింది వాటా కుర్రాడు, పదహారేళ్ళు,
మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ బూట్లకేసి చూస్తాడు.
"సముద్రపు గాలి దానికి పడదు స్కైద్రీతె గారూ,
పైగా మీ పిల్లి దాని మీదే పడుకుంటోంది."

లియెపాయ గాలి ఎవరికీ పడదు.
అయినా దింపాను.

నా దగ్గరున్నవి మూడువందల పన్నెండు గళ్ళ కాయితాలు.
ముప్ఫై ఏళ్ళు ఊరూరా తిరిగి
ముసలమ్మల ఉన్ని చేతితొడుగులు అడిగి చూసి
గడికొక కుట్టు చొప్పున
ఎర్ర పెన్సిలుతో, నల్ల పెన్సిలుతో గీసుకున్న అల్లికలు.
వాటన్నిటికీ ఫోటోలు తీసి కంప్యూటర్లో దాచాను.
కాయితాలు మ్యూజియం వాళ్ళు పట్టుకెళ్ళారు, చూస్తామని.
చూస్తామన్నవాళ్ళు చూడరు.

"మరి వీటినెక్కడ పెడతాం?"
"ఎక్కడా పెట్టం. మీ దగ్గరే ఉంటాయి.
కావలసినవాళ్ళు మీ దగ్గర తీసుకుంటారు,
తీసుకున్నవాళ్ళ దగ్గర ఇంకొకళ్ళు తీసుకుంటారు."

ఓహో, చేబదులు!
పత్రం లేదు, వడ్డీ లేదు, మధ్యలో షావుకారు లేడు.
గుప్పెడు పంచదార కోసం
గోడ మీంచి చాచిన గిన్నె.

రౌటర్లో ఒక తలుపు తెరిచాడు, దానికో అయిదంకెల నంబరు.
"ఇదొక్కటే. మిగతావన్నీ గడియ వేసే ఉంటాయి."
సరేనన్నాను గానీ
ఆ రాత్రి రెండుసార్లు లేచి
వీధి తలుపు గొళ్ళెం చూసొచ్చాను.

ఫైలుని ముక్కలు చేస్తుందట.
ముక్కముక్కకీ వేలిముద్ర తీసుకుంటుందట.
మొత్తానికి కలిపి నలభై అక్షరాల పేరు.
నోరు తిరగని ఆ పేరుని కేలండర్ వెనక రాసుకున్నాను.
పూర్తిగా ఉండి ఇచ్చేవాడు విత్తనం,
తీసుకుని తప్పుకునేవాడు జలగ.
పేర్లు పెట్టినవాడెవడో గానీ
పొలమూ చూశాడు, చెరువులోనూ దిగాడు.

తొమ్మిది రోజులు సున్నా.
అద్దె గది చూడ్డానికి ఎవరూ రానట్టు.

పదో రోజు ఒకరొచ్చారు. అరవైమూడు శాతం తీసుకుని మాయం.
"జలగ," అన్నాను.
గిర్త్స్ నా బూట్లకేసి చూశాడు.
"కరెంటు పోయిందేమోనండీ."

తర్వాత ఎవరెవరో. పేర్లుండవు, పక్కన చిన్న జెండా.
తెరమీద ఖాళీ గళ్ళు నీలంగా నిండుతుంటే
ఏంటీ అల్లిక అనిపించేది:
ముందు బొటనవేలు, ఆనక మణికట్టు అంచు,
అరచెయ్యి మధ్యలో ఒకే ఒక్క కుట్టు.
అంచు నుంచి కొస దాకా వరసగా అల్లిన చేతులు నావి,
చూడలేక లేచి గిన్నెలు కడుక్కునేదాన్ని.

ఫిబ్రవరిలో డిస్కు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.
మ్యూజియానికి ఫోన్ చేశాను.
ఏ గోదాములో ఏ అరో వెతికి చెప్తామన్నారు.

కొత్త డిస్కు వేసి, కేలండర్ తిరగేసి
నలభై అక్షరాలూ ఒక వేలితో కొట్టాను.
ఆరుని బి అని రాసుకున్నాను, మళ్ళీ కొట్టాను.
ఇప్పుడు జలగని నేనే.
గోడ మీంచి గిన్నె చాచి నించున్నాను.

వచ్చాయి. ఏ దేశపు ఏ వంటింటి నుంచో, ఒక్కో గడీ.
తొంభైతొమ్మిది పాయింట్ నాలుగు దగ్గర ఆగింది.
మూడు రోజులు ఆగే ఉంది.
ఆ ఒక్క ముక్క, వెలుగుతున్న ఏ ఇంట్లోనూ లేదు.

ఆదివారం రాత్రి ఉరుగ్వే జెండా ఒకటి వెలిగింది.
పదకొండు నిమిషాలుండి ఆరిపోయింది.

రెండువందల ఏడో కాయితం, బొటనవేలి సగం.
తెరిచి చూశాను.
అల్సుంగలో ఒక వంటింటి బల్లమీద
నేను ఒలకబోసిన టీ మరక
ఒక్క చుక్క తగ్గకుండా తిరిగొచ్చింది.

ఆ ఉరుగ్వే మనిషికి చలి ఉంటుందో ఉండదో,
అల్లడం వచ్చో రాదో.

కంప్యూటర్ ఆపకుండా పడుకున్నాను.
ఎవరికైనా
పదకొండు నిమిషాలే తీరిక ఉంటుందేమో.