తూర్పు కొస

పొందూరు పంచెలు నాలుగు, అంచుకు అంచు కుట్టి
నీలిమందు తొట్టిలో ఒక రాత్రంతా నానబెడితే
సముద్రం అయింది.
దాని తూర్పు కొస నాది.
పడమటి కొస మజ్జి తవుడుది.
నాకు పదకొండేళ్ళు, వాడికి పన్నెండు.
ఆటకి చెరో అర్ధరూపాయి, తెల్లారేక ఉప్మా.

పద్యానికి ముందు చిన్న కెరటాలు చాలు.
జగ్గారావు మేష్టారి కాళ్ళహార్మోనీ
దమ్ము తీసుకోగానే పెద్దవి లేవాలి.
ఓడ మునిగిన వర్తకుడి పెళ్ళాం
ఒడ్డున నిలబడి మొగుణ్ణి పిలుస్తుంది అక్కడ.
చింతాడ పారమ్మ.
పద్యం నాలుగు పాదాలే.
చివరి ‘రా’ మీద ముఖారి ఎత్తుకుందంటే
పెట్రోమాక్సుకి మరోసారి గాలి కొట్టాల్సిందే.
మునిగిపోయిన వర్తకుడు తెరవెనక బీడీ కాల్చుకుంటూ
తన చావు ఎప్పటికి తెములుతుందా అని చూసేవాడు.
ఆ రాగం ఎంత పొడుగో
సంగీతం వచ్చినవాళ్ళు ఏ లెక్కన చెబుతారో గానీ
నాకు భుజాలతో తెలుసు.
మోచేతుల దగ్గర మొదలై, మెడనరం దాకా పాకి,
ఇంక కొస వదిలేస్తాను అనుకున్నప్పుడు
ఆవిడ దిగేది.
దిగీ దిగగానే జనం: వన్స్ మోర్!
తవుడు నన్ను చూసి పళ్ళు కొరికేవాడు.
మళ్ళీ సముద్రం.

ఒకసారి కళింగపట్నంలో ఆడేం.
వెనక అసలుది మోగుతూనే ఉంది.
దాని మీద రోజూ బతికే జాలర్లు
దానికి వీపు పెట్టి కూచుని
మా పంచెల్ని చూసి ఏడ్చేరు.

దాన్నే ఇప్పుడు సినిమా తీసేరు.
శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ అవతల ఏసీ హాలు, మాట్నీ.
పారమ్మని ఆటోలో తీసుకెళ్ళేను, ఎనభై దాటింది.
టిక్కెట్టు చింపే కుర్రాడు
ఆవిడ వక్కాకు సంచి లాక్కుని బల్ల కింద పెట్టేడు.

తెర మీద నిజం సముద్రమే.
డబ్బు పోసి తెచ్చేరు.
పైనించి, పక్కనించి, నీళ్ళ లోపల్నించి కూడా చూపించేరు.
ఎందుకో అది చిన్నదిగా ఉంది.
ఓడ నిజంగా మునిగింది, బోల్డంత సేపు.
పద్యం మాత్రం రెండు పాదాలు.
మిగతా రెండింటి చోట
అరవై మంది ఆడపిల్లలు ఒకే రంగు కోకల్లో ఇసక ఎగజిమ్మేరు.
‘రా’ అందా అమ్మాయి. అంతే, రా.
ఆ మాట నోరు దాటకముందే
అప్పులవాళ్ళు ఇంటి మీద పడ్డట్టు
వయొలిన్లన్నీ వచ్చి పడ్డాయి.

అబద్ధం ఎందుకు, ఒకటి బాగుంది.
తెర నిండా ఆ పిల్ల మొహం చూపించినప్పుడు
కింది పెదవి వణికింది.
పారమ్మ పెదవి వణికేదో లేదో నాకు తెలీదు.
నా చోటినించి కనిపించేది
ఆవిడ ఎడమ మడమ,
పగుళ్ళలో పారాణి,
స్వరం పైకెళ్ళేకొద్దీ నేల వదిలే వేళ్ళు.

చీకట్లో నా చేతులు ఎప్పుడు లేచేయో,
దేన్నో పట్టుకుని ఊపుతున్నాయి.
తవుడు పోయి ఆరేళ్ళు.
అయినా అవతలి కొస బరువుగానే తగిలింది.
పక్క సీటు కుర్రాడు పాప్‌కార్న్ డబ్బా అటు జరుపుకుని
‘ఏటి తాతా, సలేస్తందా?’ అన్నాడు.
ఏసీ ఎక్కువే, అన్నాను.

ఆట వదిలేక, మెట్ల మీద కూచుని
పారమ్మ వక్క నోట్లో వేసుకుంది.
చాలాసేపు నమిలింది.
‘గొంతు మంచిదేరా ఆ గుంటకి.
సముద్రం ఎటుందో
ఎవులూ సెప్పినట్టు నేదు.’

ఇంటికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగేయి.
రాత్రికి భుజాలు సలుపుతాయని
అమృతాంజనం సీసా తలగడ పక్కన పెట్టుకున్నాను.
రెండు దాటేదాకా చూసేను.
నొప్పి రాలేదు.