నలభై అక్షరాలు మించరాదు

పదింటికి సర్వరు లేస్తదంటరు.
పదకొండయింది.
తెర మీద ఒక సున్న తిరుగుతనే ఉంది
కొత్తవాడ సందుల రాట్నం లెక్క,
నూలు మాత్రం రాదు.
బెంచీ మీద ఇరవై ఆరు టోకెన్లు కూసున్నయి.
ఒక టోకెను దగ్గుతున్నది,
ఒకటి చంటిపిల్లకు పాలిస్తున్నది.

నేను ఆపరేటర్ని. అవుట్‌సోర్సింగు.
మూడు నెలల జీతం రాలే, అది వేరే కథ,
దానికీ ఒక పోర్టలుంది.

పద్నాలుగో టోకెను ఆడెపు కనకలింగం.
చేనేత పింఛను ఆగి ఐదు నెలలు.
"బతికున్నట్టు ఏలు పెట్టుమన్నరు బిడ్డా."
కుడి బొటనేలు. ఎర్రలైటు.
చూపుడేలు. ఎర్రలైటు.
తడిగుడ్డతోని తుడిచిన,
అటెండరు సదయ్య కొబ్బరినూనె తెచ్చిండు,
పది వేళ్లూ అయిపోయినయి.
గీతలు సరిపోలేదు, మళ్లీ ప్రయత్నించండి.

గీతలెక్కడివి?
యాభై ఏండ్లు పంజా గుద్ది గుద్ది
పడుగూ పేకల నడుమకు దిగిపోయినయి.
ఎవల పెండ్లి పందిట్లనో పరిచి ఉంటయి,
వాటి మీద ఎవలో కూసోని పప్పన్నం తింటుంటరు.

పేరుతోని చూద్దామన్న.
కార్డుల కనకలింగం, బ్యాంకుల కనకలింగము,
సంఘం పుస్తకంల లింగయ్య.
ముగ్గురూ నా ముందు ఒకే కుర్చీల
ఒకే చెప్పుల జతతోని కూసున్నరు.
కలిపే బటను జిల్లా లాగిన్ల ఉంటదట,
జిల్లా లాగిను హైదరాబాదుల ఉంటదట.
అర్జీ ఆన్‌లైన్ల పెట్టినంక
ప్రింటు తియ్యాలె, మూడు జిరాక్సులు,
గెజిటెడ్ సంతకం, స్కాను చేసి మళ్ల ఎక్కియ్యాలె.
కాయితం పోయిందని ఎవలన్నరు?
ఇంతకుముందు ఒక్క తొవ్వల నడిచేది.

అబద్ధమెందుకు, మంచిగ నడిచిన రోజులూ ఉన్నయి.
మొన్న హసన్‌పర్తి పొల్ల
ఆదాయం సర్టిఫికెటు పావుగంటల తీస్కపోయింది
ఎవలికీ చాయ్ తాపకుండ.
ఆమె మెట్లు దిగుతుంటే నాకే గర్వమనిపించింది.
అందుకే కోపమొస్తది.

కరెంటు పోయింది.
ముసలాయన వంగి
నా కుర్చీ కింది చినిగిన జంఖానా మూల పట్టుకున్నడు.
సబ్బుబిళ్ల లెక్క నున్నగున్న బొటనేలుతోని తడిమిండు.
"ఇది మా మగ్గం మీదిదే.
ఈ ముడి చూడు, ఎడమచేతి ముడి,
సొసైటోళ్లు ఆఫీసులకని తీస్కపోయిండ్రు అప్పట్ల."
సదయ్య తలూపిండు. ఆయనకెరుకే.
ఏ బీరువల ఏ రిజిస్టరు,
అండ్ల ఎవల పేరుకు చెదలు పట్టిందో అదీ ఎరుకే.
వచ్చే మార్చిల రిటైరు.
ఆయన్ని ఎవలూ స్కాను చెయ్యలే.

కరెంటొచ్చింది. రిమార్కుల గడి తెరిచిన.
నలభై అక్షరాలు మించరాదు.
"ఇతను బతికే ఉన్నాడు. నా కాళ్ల కింద ఇతని మ"
అక్కడ ఆగింది.
ముడికి కొమ్ము కూడ పట్టలే.

"రేపు రావాల్నా బిడ్డా?"
నేనేం చెప్పలే.
"పోనీ, దారం గిట్ల ఉందా? మూల పీకుతున్నది."
ఫైళ్లు కుట్టే దబ్బనం ఇచ్చిండు సదయ్య.
నా కాళ్లు పైకెత్తుకున్న.
పదిహేనో టోకెను లేచింది,
ఆయన్ని తొక్కకుండ చుట్టు తిరిగి వచ్చింది.