ఎడమసేతి ముడి

ఏడురోడ్ల కూడలికాడ
కర్రీ పాయింటులో సాంబారు కట్టేది నానే.
కవరు మూతి ఊది, గరిటెడు పోసి,
గాలి ఓ బుక్కెడు లోపలే ఉంచి
మెడ మెలేసి, దారం మూడు సుట్లు,
చివర ఓ తోక.
ఎనిమిదేళ్ళు. ఒక్కటీ కారనేదు.
"దాలమ్మ కట్టిందంటే
బండి గోతిలో పడ్డా బొట్టు రాల్దు" అని
ఓనరు పొట్నూరు బాబే అనీవోడు.
మనిసికి ఓ పేరుండాల కదా,
నాకదే.

నాది ఎడమసెయ్యి.
నా ముడి ఎనక్కి తిరుగుతాది.
దారం కూడా కొన్నది కాదు,
పలాస జీడిపప్పు బస్తాల కుట్టు ఇప్పి
దాసుకున్న నీలం నైలాను.

మొన్న ఆదోరం
మా సెల్లిని సూడ్డానికి కళ్ళేపల్లి ఎల్లేను.
నాగావళి సంద్రంలో కలిసేకాడ
మరిది గరగయ్య వల దులుపుతన్నాడు.
నాలుగు కవళ్ళు, రెండు పీతలు,
ఒంటి చెప్పు, గుట్కా రేకులు, సెలైను సీసా,
కవర్లు కవర్లు కవర్లు.
"ఇయ్యే ఎక్కువ పడతన్నాయి వదినా,
కాటా ఏస్తే ఈటికే ధర రావాల" అని నవ్వేడు.
నానూ నవ్వబోయి
ఆగిపోయేను.

ఇసకలో ఒకటి కూకునుంది.
మెడకి నీలం దారం.
మూడు సుట్లు. తోక.
ఎనక్కి తిరిగిన ముడి.

కింద మూల ఎవరో పళ్ళతో కొరికీసినారు,
అటునుంచే సాంబారు పోసుకునుంటారు.
ముడి ఇప్పుకుని తింటారనుకున్నాను నాను ఇన్నాళ్ళూ.
లోపల గుప్పెడు ఇసక, కూసింత నాచు,
గోరంత రొయ్యపిల్ల
దారి తెలీక ఎండిపోయింది.

ఇది నాదేనని గరగయ్యకి సెప్పనేదు.
కొంగున కట్టుకుని బస్సెక్కేను.

రాత్రి మా గుంటని లెక్కెయ్యమన్నాను.
పూటకి నూటేబై, రెండు పూట్లు, ఎనిమిదేళ్ళు.
"ఎంతే?"
"ఎనిమిది లచ్చల డెబ్బయ్యారువేలు."
"పండగ సెలవులు తీసీయే" అన్నాను.
తీసింది.
పెద్దగా తగ్గనేదు.

సోమారం పొద్దున్న
సెయ్యి కవరు మీదకి ఎల్లలేదు.
"గిన్ని తెచ్చేరా బాబూ?" అన్నాను.
పొట్నూరు బాబు కళ్ళెర్రజేసేడు.
ఇద్దరు ఎదర కొట్టుకి పోయేరు.
ఒకాయన హెల్మెట్టు తిరగేసి
"ఇందులో పొయ్యి" అన్నాడు ఎకసెక్కంగా.
గుజరాతిపేట ముసిలాయన మాత్రం
రోజూలాగే
మూతకి తాడుకట్టిన స్టీలు కేను గల్లాబల్ల మీద పెట్టేడు.
ఆయన్ని సూస్తే ఇసుగు నాకు.
ఆ మూత ఓ పట్టాన బిగవదు,
లైను ఆగిపోతాది.
ఆయాల ఆ మూత
నానే నిదానంగా బిగించేను.

డిపాజిట్టు ఏబై కట్టి
కొట్టు గిన్నిలే పట్టుకెల్లమని బోర్డు రాయించేం.
పన్నెండు గిన్నిలు ఎల్లేయి,
తొమ్మిదొచ్చేయి.
మిగతా మూడింటి కోసం బాబు
రోజూ నా మొహం సూస్తాడు.
కవర్లు మానీసేనని అబద్దం ఎందుకాడాల?
ఇంకా పూటకి ఎనబై కడతన్నాను.
కట్టిన ప్రతిసారీ
ఏలికి సంద్రపు ఇసక తగిలినట్టుంటాది.

కళ్ళేపల్లి కవరు
కొట్లో మేకుకి తగిలించేను.
నిన్న కరెంటు పోయినప్పుడు
దీపంకాడ కూకుని ఇప్పబోయేను,
గోళ్ళతో, పళ్ళతో, పిన్నీసుతో.
నేదు.
ఉప్పునీళ్ళకి ఇంకా బిగిసింది.
ఓలమ్మా,
ఎంత బాగా కట్టేనో.